జావా నుంచి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ మార్చే లైబ్రరీ: ‘సెట్’ ఉంచాలా, తీసేయాలా?

మడికొండ_డెవ్:
అందరికీ నమస్తే. ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు దానికి బయటినుంచి పేరూ విలువా జతలుగా అందే సెట్టింగులే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్. జావాలో సిస్టమ్ గెట్‌ఎన్వ్ వాటిని ఇచ్చే మ్యాప్ చదువుకోవడానికే. అందులో ఏదైనా పెట్టబోతే ఎక్సెప్షన్ కొడుతుంది. నాకేమో నడుస్తున్న ప్రాసెస్‌లోనే ఒక వేరియబుల్ మార్చాల్సి వచ్చింది. మా కస్టమర్లు అడ్తి దుకాణాలవాళ్లు. ప్రింటయిన పాత తక్‌పట్టీలను, అంటే రైతుకిచ్చే లెక్క చీటీలను, స్కాన్ చేసి బొమ్మలోని అక్షరాలు గుర్తుపట్టే టెసరాక్ట్‌తో చదివిస్తాం. అది పనిని థ్రెడ్లకు పంచే ఓపెన్‌ఎంపీ పెట్టుకుని ఉన్న కోర్లన్నీ లాగేసుకుంటుంది, పక్కన బిల్లింగ్ స్క్రీన్ కదలదు. ఓఎంపీ_థ్రెడ్_లిమిట్‌ను 1 చేస్తే ఆ గోల ఉండదు.

అందుకని జావా నుంచి సీ కోడ్‌ను పిలిపించే జేఎన్ఏ మీద చిన్న లైబ్రరీ రాశాను. లినక్స్‌లో సీ లైబ్రరీలోని సెట్‌ఎన్వ్, అన్‌సెట్‌ఎన్వ్‌లను పిలుస్తుంది, విండోస్‌లో సెట్‌ఎన్విరాన్‌మెంట్‌వేరియబుల్‌ను. ఓపెన్ సోర్స్‌గా పెడదామనుకుంటున్నా. ‘సెట్’ను అందరికీ ఇవ్వాలా, ‘గెట్’తో ఆపేయాలా? మీరేమంటారు?

హన్మకొండ_చౌరస్తా:
ఇవ్వు అన్నా. టెస్టులు రాసేటప్పుడు ఈ విలువలు మార్చలేక ప్రాణం పోతోంది. జావా 17 నుంచి రిఫ్లెక్షన్‌తో దొడ్డిదారిన ఆ మ్యాప్‌లో చెయ్యి పెట్టాలంటే యాడ్-ఓపెన్స్ ఫ్లాగులు రాసుకోవాల్సిందే.

కాజీపేట_జంక్షన్:
ఇవ్వొద్దు. కారణం చెప్తా, కొంచెం పొడుగే.

సెట్‌ఎన్వ్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్‌కు పనేం లేదు. ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టే ఎగ్జెక్‌వీఈ అప్పుడు కెర్నల్ ఈ పేర్లూ విలువలూ కొత్త ప్రాసెస్ స్టాక్ మీద పెట్టి తప్పుకుంటుంది. ఆ తర్వాత అది మామూలు మెమరీ, కాపలా ఎవరూ ఉండరు. లినక్స్ సీ లైబ్రరీ జీలిబ్‌సీలో సెట్‌ఎన్వ్ లాక్ తీసుకుంటుంది, గెట్‌ఎన్వ్ తీసుకోదు. కొత్త పేరు చేర్చినప్పుడు పాయింటర్ల వరస పెరగాలి, వరసను వేరే చోటికి మార్చే రీఅలాక్ జరగొచ్చు, పాత వరస పోతుంది. సరిగ్గా అప్పుడే ఇంకో థ్రెడ్ ఆ పాత వరసలో వెతుకుతుంటే సెగ్మెంటేషన్ ఫాల్ట్, ప్రోగ్రామ్ అక్కడే కూలుతుంది.

నా కోడ్‌లో గెట్‌ఎన్వ్ పిలిచేదెవరు అంటావేమో. డేటాబేస్ హోస్ట్ పేరు వెతకడానికి జావాను నడిపే జేవీఎం పిలిచే గెట్‌యాడర్‌ఇన్ఫో లోపల ఉంది. లోకల్‌టైమ్ కూడా టైమ్ జోన్ చెప్పే టీజెడ్ కోసం పిలుస్తుంది. నువ్వు జావాలో ఎన్ని సింక్రనైజ్డ్‌లు పెట్టుకున్నా ఆ లాక్ సంగతి సీ కోడ్‌కు తెలియదు. రస్ట్ భాషవాళ్ల లైబ్రరీలో లాక్ ముందునుంచీ ఉంది, అయినా 2024 ఎడిషన్‌లో సెట్_వార్‌ను అన్‌సేఫ్ చేసి చేతులు కడుక్కున్నారు.

మడికొండ_డెవ్:
ఇవన్నీ చదివే రాశాను సార్. 2025 జనవరిలో వచ్చిన జీలిబ్‌సీ 2.41లో గెట్‌ఎన్వ్‌ను చాలావరకు థ్రెడ్‌లకు తట్టుకునేలా మార్చారు. పైగా నేను పిలిచేది మెయిన్ మొదటి లైన్‌లో, టెసరాక్ట్ లోడ్ కాకముందే. తర్వాత మార్చినా లాభం లేదు, ఓపెన్‌ఎంపీ లైబ్రరీ లిబ్‌గాంప్ లోడ్ అయ్యేటప్పుడే ఆ విలువ చదివేసుకుంటుంది.

కాజీపేట_జంక్షన్:
ఏ అడ్తి దుకాణంలో 2.41 ఉంది? ఉబుంటు 20.04 అయితే 2.31, 24.04 అయినా 2.39. మెయిన్ మొదటి లైన్ అంటావు, అప్పటికే జేవీఎంలో వాడని మెమరీ ఊడ్చే జీసీ థ్రెడ్లు, కంపైలర్ థ్రెడ్లు నడుస్తుంటాయి.

మడికొండ_డెవ్:
నడుస్తాయి, కానీ ఆ క్షణంలో అవి హోస్ట్ పేర్లు వెతుకుతూ కూర్చోవు కదా.

భద్రకాళి_బండ్:
విండోస్‌లో ఖాళీ విలువ సంగతి తేల్చారా? సెట్‌ఎన్విరాన్‌మెంట్‌వేరియబుల్‌కు నల్ ఇస్తే పేరే పోతుంది, ఖాళీ స్ట్రింగ్ ఇస్తే పేరు ఉంటుంది. సీ రన్‌టైమ్‌లోని పుట్‌ఎన్వ్‌కు ఖాళీ ఇస్తే మాత్రం ఏకంగా తీసేస్తుంది. ఆ రన్‌టైమ్‌కు సొంత కాపీ ఒకటి ఉంటుంది, మీరు మార్చింది దాని గెట్‌ఎన్వ్‌కు కనపడదు కూడా.

మడికొండ_డెవ్:
మంచి పాయింట్. డాక్యుమెంట్‌లో రాస్తా.

భద్రకాళి_బండ్:
డాక్యుమెంట్ సరే, ఫంక్షన్ ఏం చేస్తుంది? ఖాళీ ఇచ్చి ‘గెట్’ పిలిస్తే నల్ వస్తుందా, ఖాళీ స్ట్రింగ్ వస్తుందా?

కరీంనగర్_కోడర్:
ఇంత యుద్ధం ఎందుకు? లాంచర్ స్క్రిప్ట్‌లో ఎక్స్‌పోర్ట్ అని ఒక్క లైన్ రాస్తే అయిపోతుంది.

మడికొండ_డెవ్:
నువ్వు అడ్తి దుకాణం చూడలేదు తమ్మీ. డెస్క్‌టాప్ మీద ఉన్న స్క్రిప్ట్‌ను ఎవరో ఒకరు డిలీట్ చేస్తారు. తర్వాత గుమాస్తా ఫోల్డర్‌లోకి పోయి జార్ మీదే, అంటే ప్రోగ్రామ్ ఫైల్ మీదే, నొక్కుతాడు. స్క్రీన్ ఆగింది, మీ సాఫ్ట్‌వేర్ బాగాలేదు అని ఫోన్ నాకు వస్తుంది.

కరీంనగర్_కోడర్:
అయితే మెయిన్‌లో చూసుకో. వేరియబుల్ లేకపోతే ప్రాసెస్‌బిల్డర్‌తో నీ ప్రోగ్రామ్‌నే మళ్లీ లేపు, కావాల్సిన విలువ పెట్టి. దానికి నేటివ్ కోడ్ అక్కర్లేదు, జావా 5 నుంచే ఉంది.

మడికొండ_డెవ్:
4 జీబీ మెషీన్‌లో రెండు జేవీఎంలా?

కరీంనగర్_కోడర్:
టెసరాక్ట్‌ను విడిగా దాని కమాండ్‌తో నడుపు. పిల్ల ప్రాసెస్‌కే విలువ ఇస్తావు, నీ జేవీఎంను ముట్టుకోనక్కర్లేదు.

హన్మకొండ_చౌరస్తా:
ఇది బాగుంది. కానీ నా టెస్టుల సంగతి?

కాజీపేట_జంక్షన్:
పిల్ల ప్రాసెస్ అన్నారు కాబట్టి ఇంకో ముచ్చట. సిస్టమ్ గెట్‌ఎన్వ్‌ను ఒకసారి పిలిచాక ఈ లైబ్రరీతో మార్చింది దానికి కనిపించదు, ఎందుకంటే అది జేవీఎం మొదటిసారి పిలిచినప్పుడు తీసి పెట్టుకున్న కాపీ. లినక్స్‌లో ప్రాసెస్‌బిల్డర్‌కు ఎన్విరాన్‌మెంట్ మ్యాప్ ముట్టుకోకుండా స్టార్ట్ ఇచ్చావా, పిల్ల ప్రాసెస్‌కు కొత్త విలువ పోతుంది. పక్కన ఇంకేదో పేరు చేర్చడానికి ఆ మ్యాప్‌ను ఒక్కసారి పిలిచావా, పాత కాపీ పోతుంది. రెండు కోడ్‌లూ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. ఈ తేడా పట్టుకోవడానికి ఏ జూనియర్‌కు ఎన్నాళ్లు పడుతుందో చెప్పు.

మడికొండ_డెవ్:
సార్, మీకు ఏం చెప్పినా వద్దనే అంటారు. చాకుతో చెయ్యి తెగుతుందని చాకులు అమ్మడం మానేస్తారా? ప్రమాదం ఏమిటో రీడ్‌మీలో పైనే రాస్తాను. వాడేవాడికి బుద్ధి ఉండాలి. ఈ లైబ్రరీ లేకపోయినా వాడు జేఎన్ఏతో పది లైన్లలో ఇదే రాసుకుంటాడు, జావా 22 వచ్చాక అదీ అక్కర్లేదు, ఫారిన్ ఫంక్షన్ ఏపీఐ ఉంది. నేను రాస్తే కనీసం పేరులో ఈక్వల్ గుర్తు ఉందా, విలువ మధ్యలో సున్నా బైట్ ఉందా అని చూస్తాను. వాడు అదీ చూడడు.

కాజీపేట_జంక్షన్:
రీడ్‌మీ ఎవరు చదువుతారయ్యా?

ఇంతకుముందు నేను పనిచేసిన చోట ఒకాయన ఇలాంటి తెలివైన ముక్కే రాసి పెట్టాడు. మిర్చి సీజన్, ఎనుమాముల మార్కెట్‌లో కాంటాలు నడుస్తున్నాయి, సర్వర్ ఉన్నట్టుండి చచ్చిపోయేది. ఎక్సెప్షన్ లేదు, మా లాగ్‌లో ఒక్క ముక్క లేదు. చివరికి జేవీఎం కూలేటప్పుడు వదిలిన హెచ్ఎస్_ఎర్ ఫైల్ తెరిస్తే ప్రాబ్లమాటిక్ ఫ్రేమ్ దగ్గర లిబ్‌సీ, పక్కన గెట్‌ఎన్వ్. ఎవరు సెట్ చేశారో దాంట్లో లేదు. ఎట్లా ఉంటుంది, పడిపోయింది చదివిన థ్రెడ్, రాసిన థ్రెడ్ హాయిగా ఉంది. ఆ ముక్క రాసినాయన అప్పటికే గచ్చిబౌలిలో సెటిలయ్యాడు, ఫోన్ ఎత్తడు. కాంటా దగ్గర రైతులు లైన్లో నిలబడితే, అడ్తిదారు నోటికొచ్చినట్టు తిట్టింది నన్ను.

మడికొండ_డెవ్:
ఆయన కోపం నా మీద ఎందుకు? నేను ఎటూ పోలేదు, మడికొండలోనే ఉన్నా. నా కస్టమర్ల ఫోన్లు నేనే ఎత్తుతా, రాత్రి పదకొండింటికి కూడా.

కాజీపేట_జంక్షన్:
నీ కస్టమర్లవి ఎత్తుతావు. అందరూ లైబ్రరీలు తెచ్చుకునే సెంట్రల్ రిపాజిటరీలో పెట్టాక ఇది నీ కస్టమర్ల దగ్గరే ఉండదు కదా. ఎవడో డిపెండెన్సీలో రాసుకుని, రెండేళ్లకు ఉద్యోగం మారి పోతాడు. వెనక ఉండి దాన్ని మోసేవాడి గురించి నేను మాట్లాడుతున్నా. థ్రెడ్ మొదలైనప్పటి నుంచి నువ్వు రాసేవాడి గురించే మాట్లాడుతున్నావు.

హన్మకొండ_చౌరస్తా:
అంటే మీ ఇద్దరి గొడవ జీలిబ్‌సీ గురించి కాదన్నమాట.

మడికొండ_డెవ్:
సరే, అలాగే చూద్దాం. మోసేవాడికి ఏం కావాలో చెప్పండి. ‘గెట్’ ఒక జార్‌లో, ‘సెట్’ వేరే జార్‌లో పెడతా. కావాలనుకున్నవాడు రెండోది విడిగా తెచ్చుకుంటాడు, ఎవరికీ తెలియకుండా లోపలికి రాదు.

కాజీపేట_జంక్షన్:
అది ఒక మెట్టు. ‘సెట్’ పిలిచిన ప్రతిసారీ ఏ క్లాస్ నుంచి, ఏ థ్రెడ్ నుంచి వచ్చిందో ఒక ఫైల్‌లో రాయించు. కూలినప్పుడు హెచ్ఎస్_ఎర్ పక్కన అది పెట్టి చూసుకుంటాం. విలువ రాయకు, పాస్‌వర్డ్‌లు కూడా ఎన్విరాన్‌మెంట్‌లోనే పెట్టే మహానుభావులు ఉంటారు.

మడికొండ_డెవ్:
రాయిస్తా. కానీ డిఫాల్ట్‌గా ఆన్ చెయ్యను. లైబ్రరీ అడగకుండా డిస్క్ మీద ఫైళ్లు సృష్టించడం నాకు నచ్చదు.

భద్రకాళి_బండ్:
ఖాళీ స్ట్రింగ్?

కాజీపేట_జంక్షన్:
ఆఫ్‌లో ఉంటే ఉన్నా లేనట్టే. దాన్ని ఆన్ చెయ్యాలని తెలిసినవాడికి అసలు ఆ ఫైల్ అవసరమే ఉండదు. నా ఓటు ఇంకా వద్దనే.