అప్‌డేట్: తాతయ్య రికార్డులకు పట్టిన బూజు సంగతి

కాకినాడలో మా ఇంటి అటక మీద తాతయ్య గ్రామఫోన్ రికార్డులు బూజు పట్టి దొరికాయి, ఎలా శుభ్రం చేసి దాచాలని పోయిన నెల అడిగాను కదా. ఇదీ ఇప్పటి పరిస్థితి.

స్పిరిట్‌తో తుడవబోతున్న నన్ను ఆపినవారికి దణ్ణం! మొత్తం 64 రికార్డుల్లో 23 పాత 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 సార్లు తిరిగే) ప్లేట్లు. అవి వినైల్ అనే ప్లాస్టిక్ కాదు, షెల్లాక్. అంటే మన లక్కే. ఆల్కహాల్ తగిలితే కరిగిపోతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కల డిష్‌వాష్ లిక్విడ్ కలిపి, లేబుల్ తడవకుండా, మెత్తటి బట్టతో గాడి వెంబడే గుండ్రంగా తుడిచాను. ఒకటి చేయి జారి రెండు ముక్కలైంది. అమ్మకి ఇంకా చెప్పలేదు.

ఎల్పీల్లో (వినైల్‌తో చేసిన లాంగ్ ప్లే రికార్డుల్లో) ఐదు వంగిపోయాయి. అటక వేడి ఒకటి, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టడం ఇంకొకటి. రెండు అద్దాల మధ్య పెట్టి ఎండలో ఉంచితే సరవుతుందని ఎవరో అంటే ఒకదానితో ప్రయత్నించా. వంపు కొంచెం తగ్గింది, పాట మాత్రం గరగరే. మిగతా నాలుగింటి జోలికి పోను.

ఇప్పుడన్నీ లోపలి గదిలో, బయటి గోడకు ఆనించని చెక్క అల్మరాలో నిలువుగా ఉన్నాయి. పాత పీవీసీ కవర్లు పారేసి పాలిథీన్ లోపలి కవర్లు వేశాను. అత్తయ్య కలరా ఉండలు వేయమంది, వద్దన్నాను. సిలికా జెల్ పెట్టినా అల్మరాలో తేమ 65 శాతం కంటే దిగట్లేదు. సముద్రం పక్క ఊరు మరి. వర్షాకాలంలోపు చిన్న డీహ్యుమిడిఫయర్ (గాలిలో తేమ లాగేసే యంత్రం) కొనాలనుకుంటున్నా, వాడినవాళ్లుంటే కరెంటు బిల్లు సంగతి చెప్పండి.