అప్‌డేట్: సెల్లార్ గోడల చెమ్మ ఆగింది (తిరుపతి)

తిరుపతిలో మా సెల్లార్ గోడల పుట్టీ పెచ్చులుగా ఊడుతోంది, పిల్లల చదువు గదిగా మార్చొచ్చా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. పనైపోయింది.

ముందు మీరు చెప్పిన టెస్టు. రెండడుగుల పాలిథిన్ షీటుకు నాలుగు పక్కలా టేపేసి గోడకి 48 గంటలు ఉంచితే, నీటిబొట్లు షీటు వెనక, గోడవైపే పట్టాయి. అంటే గదిలోని ఆవిరి కాదు, మట్టిలోంచి ఊట. తీరా చూస్తే డాబా వాన పైపు ఆ గోడ మొదట్లోనే దిగుతోంది! దాన్ని ఆరడుగులు అవతలికి మళ్లించి, నేలకు బయటివైపు వాటం ఇచ్చేసరికే తేమ బాగా తగ్గింది.

లోపల కాంక్రీటు కనిపించేదాకా చెక్కించాం. పగుళ్లలో అంగుళం లోతు గాడి కొట్టి హైడ్రాలిక్ ప్లగ్ (నీరు ఊరుతున్నా గట్టిపడే సిమెంటు) కూరాలి. మూడు నాలుగు నిమిషాల్లో బిగుసుకుంటుంది, కాబట్టి పిడికెడే కలపండి. మేస్త్రీ తట్టెడు కలిపి సగం పారబోశాడు. గోడా నేలా కలిసేచోట పాలిమర్ మోర్టారుతో (పాలిమర్ కలిపిన సిమెంటు మాలుతో) రెండంగుళాల గుండ్రటి అంచు.

తర్వాత క్రిస్టలైన్ కోటింగ్ (కాంక్రీటు సూక్ష్మరంధ్రాల్లో స్ఫటికాలై నీటిని ఆపే సిమెంటు పూత) రెండుసార్లు, కోటుకి చదరపు మీటరుకు సుమారు 0.8 కేజీ. గోడ తడిగా ఉండాలి; పొడిగోడ మీద పూస్తే పట్టదు, పొడై రాలుతుంది. మూడు రోజులు నీళ్లు చిలకరించాం. మామూలు అక్రిలిక్ కోటింగ్ లోపలివైపు దండగ, వెనకనుంచి నీరు తోస్తే బుడగలా లేస్తుంది.

కార్తీక మాసం ముసుర్లలో గోడ పొడిగానే ఉంది. ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టాం, బీరువా మాత్రం గోడకి మూడంగుళాలు ఎడంగా.