ఏసీ మెకానిక్ ట్రైనింగ్ సెంటర్ పెట్టాలంటే ముందు ఏం చెయ్యాలి?

రాగిగొట్టం అడిగిన ప్రశ్న:

పన్నెండేళ్లుగా ఏసీలు, ఫ్రిజ్‌లు రిపేరు చేస్తున్నాను. ఐటీఐలో మన ట్రేడే చదివాను, ఎన్‌టీసీ (నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్) ఉంది. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లు తొమ్మిదిమంది ఇప్పుడు సొంతంగా బతుకుతున్నారు. ఇదే పనిని పద్ధతిగా, ఒక స్కూలులా నడపాలని ఉంది. అద్దెకు ఒక రేకుల షెడ్డు, పక్కన రెండు గదులు చూసి పెట్టుకున్నాను.

ఈమధ్య ఒక ఏజెంటు తగిలాడు. సొసైటీ రిజిస్ట్రేషన్ తనే చేయిస్తాడట. నెలరోజుల్లో ‘గవర్నమెంటు గుర్తింపు’ ఉన్న సర్టిఫికెట్లు ఇచ్చే ఏర్పాటు కూడా చేస్తాడట. బోర్డు పెట్టేసి అడ్మిషన్లు మొదలుపెట్టమంటున్నాడు. మా ఆవిడ వద్దంటోంది. సొసైటీ పెట్టాలా, ట్రస్టా, కంపెనీయా? నేరుగా ఐటీఐకే వెళ్లాలా, చిన్న కోర్సులతో మొదలుపెట్టొచ్చా? చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

పాతమాస్టారు జవాబు:

తమ్ముడూ, మీ ఆవిడ మాటే రైటు.

నేను చాలా ఏళ్లు ఇన్‌స్ట్రక్టరుగా చేసి, 2009లో రెండు గదుల్లో సొంత సెంటర్ పెట్టాను. మీకు తగిలినలాంటి మనిషే నాకూ తగిలాడు. అతని మాట నమ్మి ఎక్కడో రిజిస్టరైన ఒక సొసైటీకి ఫ్రాంచైజీ తీసుకున్నాను. పేరులో ‘ఆల్ ఇండియా’ అని ఉంది. సర్టిఫికెట్ మీద హోలోగ్రామ్ ఉంది, రిజిస్ట్రేషన్ నంబరూ ఉంది. మొదటి బ్యాచ్‌లో పద్దెనిమిది మంది చేరారు. పని మాత్రం మనసుపెట్టి నేర్పాను. ఏడాది తిరిగాక వాళ్లలో ఒకడు అప్రెంటిస్ పోస్టుకి ఆ కాగితం పట్టుకెళ్లాడు. మర్నాడు పొద్దున్నే నేను తాళం తీసేసరికి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. “సార్, ఇది ఎన్‌టీసీ కాదంట. తీసుకోం అన్నారు” అని నా చేతికిచ్చాడు. లామినేషన్ చేయించి ఉంది. వానకి తడవకుండా వాళ్ల నాన్న చేయించాడట.

పద్దెనిమిది ఇళ్లకీ వెళ్లి జరిగింది చెప్పాను. ఫీజులన్నీ తిరిగి కట్టడానికి పద్నాలుగు నెలలు పట్టింది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

సంస్థని రిజిస్టర్ చెయ్యడం వేరు, కోర్సుకి గుర్తింపు రావడం వేరు. ఏజెంట్లు ఈ రెంటినీ కలిపేసి చెబుతారు. సొసైటీ అంటే కనీసం ఏడుగురు కలిసి, బైలాస్ రాసుకుని, 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు చేసుకోవడం. ట్రస్టుకి డీడ్ రాయించాలి. 2013 కంపెనీల చట్టంలో సెక్షన్ 8 కింద లాభాపేక్ష లేని కంపెనీ కూడా పెట్టుకోవచ్చు. వీటిలో ఏది పెట్టినా సంస్థ పేరు మీద పాన్, బ్యాంకు ఖాతా, ఒప్పందాలు చేసుకునే వీలు వస్తాయి. అంతవరకే. మీరిచ్చే సర్టిఫికెట్‌కి దానివల్ల విలువ రాదు. చిన్న వ్యాపారాలకి చేయించుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషనూ అంతే. దాన్ని ఫ్రేము కట్టి గోడకి తగిలించి ‘కేంద్ర ప్రభుత్వ గుర్తింపు’ అని చెప్పుకునేవాళ్లని చూశాను. అది పిల్లల్ని మోసం చెయ్యడమే.

నిజంగా కలిసి పనిచేసే ఏడుగురు లేకపోతే సొసైటీ జోలికి పోవద్దు. చుట్టాల పేర్లు రాసి పెట్టిన సొసైటీలు నాలుగు రూపాయలు కనబడగానే విరిగిపోతాయి. ప్రస్తుతానికి మీ సొంత పేరు మీదే మొదలుపెట్టండి. షాపుల చట్టం కింద నమోదు, ట్రేడ్ లైసెన్సు చూసుకోండి. గ్యాస్ మంటతో పని కాబట్టి ఫైర్ వాళ్లతో ముందే మాట్లాడండి. షెడ్డు అగ్రిమెంటు పదకొండు నెలలకి రాయించుకోకండి. బెంచీలు బిగించి, త్రీఫేజ్ లాగించాక ఓనరు ఖాళీ చెయ్యమంటే ఏం చేస్తారు? కనీసం అయిదేళ్లకి రాయించుకోండి. ఏడాది దాటిన లీజు రిజిస్టర్ అయి తీరాలి, ఆ ఖర్చుకి వెనకాడవద్దు.

ఇక గుర్తింపు సంగతి. ఐటీఐ కావాలంటే డీజీటీ (కేంద్ర ప్రభుత్వ శిక్షణ డైరెక్టరేట్) అఫిలియేషన్, అంటే అనుబంధ గుర్తింపు, రావాలి. పాత కాగితాల్లో ఎన్‌సీవీటీ అనీ, కొత్తవాటిలో ఎన్‌సీవీఈటీ అనీ కనిపిస్తే కంగారుపడకండి. మొదటిది వృత్తి శిక్షణ కోసం 1956లో పెట్టిన జాతీయ కౌన్సిల్, రెండోది 2018లో నోటిఫై చేసిన నియంత్రణ సంస్థ. భారత్ స్కిల్స్ సైట్లో మన ట్రేడు సిలబస్ పుస్తకం ఉచితంగా దొరుకుతుంది. పాఠాల సంగతి తర్వాత. ఒక యూనిట్‌కి (అంటే ఒక బ్యాచ్‌కి) ఎన్ని చదరపు మీటర్ల వర్క్‌షాప్ కావాలి, ఎన్ని కిలోవాట్ల కరెంటు కావాలి అన్నది ముందు చూడండి. చివర పరికరాల జాబితా ఉంటుంది. అది ప్రింటు తీసుకుని, షెడ్డులో నిలబడి ఒక్కొక్కదానికీ టిక్కు పెట్టండి. ఐటీఐ ఇప్పుడా, మూడేళ్ల తర్వాతా అన్నది మీకే తెలిసిపోతుంది.

డబ్బు ఉంటే పరికరాలు కొనొచ్చు, మాస్టార్లు దొరకడమే కష్టం. 1+1 యూనిట్లకి (మొదటి ఏడాదికి ఒకటి, రెండో ఏడాదికి ఒకటి) కావాల్సిన ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లలో ఒకరు డిగ్రీ లేదా డిప్లొమా వాళ్లు, ఇంకొకరు ఎన్‌టీసీ లేదా ఎన్‌ఏసీ (అప్రెంటిస్ సర్టిఫికెట్) వాళ్లు ఉండాలి. ఇద్దరికీ సీఐటీఎస్ (ఇన్‌స్ట్రక్టర్లకి నేర్పడం నేర్పే కోర్సు) చేసిన సర్టిఫికెట్ ఉండాలి. పని బాగా వచ్చినవాడికల్లా నేర్పడం రాదు తమ్ముడూ. వీలు చూసుకుని ఆ ఏడాది కోర్సు మీరే చెయ్యండి. ఇక పిల్లలకి ఐటీఐలో మన ట్రేడు కోర్సు రెండేళ్లు. ఏడాదికి 1200 గంటలు, దానికి తోడు 150 గంటలు బయట పనిచోట శిక్షణ. 80 శాతం హాజరు లేకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు. రిజిస్టరులో రాకున్నా వచ్చినట్టు రాసే అలవాటు మొదటి రోజునుంచే పెట్టుకోకండి. అఫిలియేషన్ కాగితం చేతిలోకి రాకుండా ఐటీఐ పేరుతో ఒక్క అడ్మిషన్ కూడా తీసుకోవద్దు. ‘అప్లై చేశాం’ అని బోర్డు మీద రాసినా నా దృష్టిలో తప్పే.

చిన్న కోర్సుకీ గుర్తింపు కావాలంటే ఒక్కో రంగానికి ఒక్కో సెక్టార్ స్కిల్ కౌన్సిల్ ఉంది. మన పని ఎలక్ట్రానిక్స్ కౌన్సిల్ కిందకి వస్తుంది. అవార్డింగ్ బాడీగా (సర్టిఫికెట్ ఇచ్చే సంస్థగా) ఎవరికి అనుమతి ఉందో ఎన్‌సీవీఈటీ సైట్లో చూసుకోండి. అక్కడ పేరు లేనివాడితో మాటలు కూడా వద్దు.

నన్నడిగితే ఆరునెలల కోర్సుతో మొదలుపెట్టండి. సర్టిఫికెట్ మీ సంస్థ పేరుతోనే ఇవ్వండి. కుర్రాడు ఏమేం చెయ్యగలడో దాని మీద విడివిడిగా రాయండి. ఇది ప్రభుత్వ సర్టిఫికెట్ కాదని చేరేరోజే తల్లిదండ్రులకి చెప్పి సంతకం తీసుకోండి. నేను ఇప్పటికీ అలాగే చేస్తున్నాను, పిల్లలు చేరుతూనే ఉన్నారు.

మీరూ అదే పనివాళ్లు కాబట్టి ఒకటి చెబుతాను. మొదటి నెలలో ప్రతివాడితో రాగి గొట్టాలు మంటతో అతికిస్తాను, దాన్నే బ్రేజింగ్ అంటాం. పైకి చూస్తే అందరివీ నున్నగానే ఉంటాయి. హాక్‌సాతో వాటిని నిలువునా కోసి చూపిస్తాను. గొట్టం లోపల నైట్రోజన్ పారించకుండా అతికినదాంట్లో నల్లటి పొలుసు లేచి ఉంటుంది, వేలితో రాస్తే మసిలా అంటుకుంటుంది. రేపు క్యాపిలరీకి (గ్యాస్ వెళ్లే సన్నటి గొట్టానికి) అడ్డం పడేది అదే. నైట్రోజన్ పెట్టి అతికినది లోపల కొత్త గొట్టంలా ఎర్రగా ఉంటుంది. రెండు ముక్కలూ పక్కపక్కన బల్ల మీద పెట్టి, వాళ్ల చేతులతోనే తాకి చూడమంటాను.

ఇలా నేర్పాలంటే గొట్టం, కడ్డీలు, గ్యాసు వారంవారం అయిపోతూనే ఉంటాయి. ఆ ఖర్చు ఫీజు నిర్ణయించేముందే లెక్కవేసుకోండి. అతికిన గొట్టాన్నే మళ్లీ మళ్లీ అతికించే సెంటర్లో చేతికి పని రాదు. బ్యాచ్‌కి ఎంతమంది అనేది గదిలో ఎన్ని కుర్చీలు పడతాయో చూసి కాదు, బ్రేజింగ్ బల్ల దగ్గర ఎంతమంది నిలబడగలరో చూసి నిర్ణయించండి.

లెక్కలరాణి జవాబు:

మాస్టారు చెప్పినదానికి లెక్కల వైపునుంచి కొంచెం కలుపుతాను. నేను ఇలాంటి సెంటర్లకి అకౌంట్లు రాస్తుంటాను. ఎన్‌సీవీటీ లేదా ఎస్‌సీవీటీ (రాష్ట్ర కౌన్సిల్) అఫిలియేషన్ ఉన్న ఐటీఐలో, 1961 అప్రెంటిస్ చట్టం కింద నోటిఫై అయిన ట్రేడులకి తీసుకునే ఫీజు మీద జీఎస్టీ ఉండదు. మీరు సొంతంగా నడిపే ఆరునెలల కోర్సుకి ఆ మినహాయింపు రాదు. ఏడాదికి మొత్తం రాబడి 20 లక్షలు దాటితే రిజిస్టర్ చేసుకుని 18 శాతం కట్టాలి. ఇక్కడ జాగ్రత్త, ఆ 20 లక్షల్లో మీ రిపేరు పని డబ్బులు కూడా కలుస్తాయి. రెండూ ఒకే పాన్ మీదే కదా!

స్కూలుకి బ్యాంకు ఖాతా వేరేగా తెరవండి. ప్రతి ఫీజుకీ రసీదు ఇవ్వండి. మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారో రసీదు వెనక అచ్చు వేయించండి. గొడవలు చాలావరకు అక్కడే ఆగిపోతాయి.

సర్వీస్‌సెంటర్ జవాబు:

నేను కుర్రాళ్లని పనిలో పెట్టుకునే వైపున్నాను. సర్టిఫికెట్ చూస్తాను, కాదనను. కానీ ముందు చేతికి ఒక గొట్టం ముక్క ఇచ్చి ఫ్లేర్ చెయ్యమంటాను, అంటే నట్టుతో బిగించడానికి దాని అంచు గరాటులా విప్పడం. నట్టు ముందే ఎక్కించడం మర్చిపోయేవాళ్లు సగానికి సగం. ఆ తర్వాత వ్యాక్యూమ్ (పంపుతో గొట్టాల్లోని గాలి లాగెయ్యడం) ఎలా చేస్తావని అడుగుతాను. గ్యాస్‌తోనే గాలి తోసేస్తాం అని చెప్పేవాడిని తీసుకోను.

అన్నా, ఒక్క మనవి. ఇప్పటికీ కొన్ని సెంటర్లలో పాత ఏసీ గ్యాస్ ఆర్-22 మీదే నేర్పుతున్నారు. ఓజోన్ పొరని కాపాడే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం మనలాంటి దేశాల్లో 2030కల్లా దాన్ని దాదాపు ఆపెయ్యాలి. ఇప్పుడొచ్చే ఏసీల్లో ఎక్కువ ఆర్-32, కొన్నిటిలో ఆర్-290. మొదటిది కొంతవరకు అంటుకుంటుంది, రెండోది ప్రొపేన్, బాగా మండుతుంది. గ్యాస్ పూర్తిగా తియ్యకుండా టార్చ్ పెట్టకూడదని, గది కిటికీలు తెరిచి పని చెయ్యాలని మొదటి వారంలోనే వాళ్ల బుర్రకెక్కించండి. ఇంట్లో బెడ్‌రూమ్‌లో పని చేసేది ఈ పిల్లలే.

రాగిగొట్టం మళ్లీ రాశారు:

మాస్టారూ, ఏజెంటుకి ఫోన్ చేసి వద్దని చెప్పేశాను. మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను. ఆ కుర్రాడి సంగతి దగ్గరికి వచ్చేసరికి మళ్లీ చదవమంది.

సిలబస్ పుస్తకం దింపి, నిన్న టేపు పట్టుకుని షెడ్డు కొలిచాను. ఐటీఐకి ఇప్పుడు సరిపోదు. ఆరునెలల కోర్సే చేస్తాను, ఆరుగురితో. సీఐటీఎస్ వచ్చే ఏడాది చూస్తాను. రెండు సందేహాలు: ఫీజు మొత్తం ముందే తీసుకోవచ్చా? అతుకు పని షెడ్డులోనే పెట్టాలా?

పాతమాస్టారు జవాబు:

ఫీజు నెలనెలా తీసుకోండి. ముందే మొత్తం తీసుకుంటే ఆ డబ్బుతో పరికరాలు కొంటాం, మధ్యలో ఎవరైనా మానేస్తే తిరిగివ్వడానికి చేతిలో ఉండదు. నేను పడ్డ కష్టం మీకు వద్దు.

అతుకు పని గదుల్లో పెట్టొద్దు, షెడ్డులోనే, గాలి పారే వైపు పెట్టండి. ఎసిటిలిన్ సిలిండరు ఎప్పుడూ నిలబెట్టే ఉంచి గోడకి గొలుసు వెయ్యండి. రెగ్యులేటరు దగ్గర ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్ (మంట వెనక్కి రాకుండా ఆపేది) లేకుండా ఒక్కడినీ వెలిగించనివ్వకండి. మొదటి రోజు ఎప్పుడో చెప్పండి. నేను కోసి చూపించే గొట్టం ముక్కలు రెండు జతలు ఉన్నాయి, ఒకటి మీకు పంపిస్తాను.