నాన్నగారి స్నానం గురించి ఒక సందేహం: వయసు పైబడ్డాక ఒంటి సంరక్షణలో ఏమి మార్చాలి, ఎలా చెప్పాలి?

ప్రశ్న (పాలకొల్లు దగ్గరి పల్లె నుంచి ఒక కుమార్తె)

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 76 ఏళ్ళు. పుట్టింది, వ్యవసాయం చేసింది, ఇప్పుడు ఉంటున్నది అంతా కాలువ గట్టునున్న మా ఊళ్ళోనే. చేలో దిగినన్నాళ్ళూ రెండు పూటలా స్నానం చేసేవారు. రాగి బాయిలరులో నీళ్ళు పొగలు కక్కాలి, సబ్బు ఒళ్ళంతా రెండుసార్లు రుద్దుకోవాలి, మడమలూ మోకాళ్ళూ కొబ్బరి పీచుతో తోముకోవాలి. రోజంతా బురదలో నిలబడి వచ్చిన మనిషికి అది అవసరమే. పొలం కౌలుకిచ్చి ఏడేళ్ళు దాటినా స్నానం మాత్రం అలాగే ఉంది.

రెండేళ్ళుగా చలికాలం రాగానే ఆయన పిక్కలు, వీపు, ముంజేతులు పొడిబారి పొలుసులు లేస్తున్నాయి. రాత్రంతా గోక్కుంటూ కూర్చుంటారు. దురద పుడుతోందంటే ఒళ్ళు శుభ్రపడలేదని ఆయన నమ్మకం, కాబట్టి మరుసటి రోజు నీళ్ళు ఇంకా వేడిగా పెట్టించి, సబ్బు ఇంకొంచెం ఎక్కువ రుద్దుతారు. పన్నెండేళ్ళుగా షుగరు ఉంది. పోయిన కార్తీకంలో నూతి చప్టా మీద కాలు జారి పడ్డారు. ఎముక విరగలేదు గానీ నా ధైర్యం మాత్రం పోయింది. ఏదైనా మార్చమంటే "నన్ను చంటిపిల్లాణ్ణి చేస్తున్నావా అమ్మా" అంటారు, ఆ మాట తరువాత నాకు నోరు పెగలదు. నాకూ 51 వచ్చాయి. చిన్నప్పటి నుంచీ వాడిన సబ్బుతోనే ఇప్పుడు ముఖం బిగుసుకుపోతోంది. ఏమి మార్చాలో, ఆయన మనసు నొచ్చుకోకుండా ఎలా చెప్పాలో తెలిసినవారు చెప్పగలరని రాస్తున్నాను.

మొదటి సమాధానం (విశ్రాంత స్టాఫ్ నర్సు, అమలాపురం)

అమ్మా, మీ నాన్నగారిని ఇబ్బంది పెడుతున్నది మురికి కాదు, ఆ స్నానమే అనిపిస్తోంది. చర్మం కింద నూనె ఊరే గ్రంథులు వయసుతోపాటు మందగిస్తాయి, పైపొర పలచబడుతుంది, లోపలి తేమను పట్టి ఉంచే శక్తి తగ్గుతుంది. ముప్పై ఏళ్ళ వయసులో సబ్బు కడిగేసిన జిడ్డు కొద్ది గంటల్లో మళ్ళీ ఊరేది. ఈ వయసులో అంత త్వరగా ఊరదు. సబ్బుకు క్షార గుణం, చర్మం పైపొరకు స్వల్పంగా ఆమ్ల గుణం ఉంటాయి. పొగలు కక్కే నీళ్ళు, రెండు విడతల సబ్బు, పీచు మూడూ కలిస్తే మిగిలిన ఆ కాస్త జిడ్డూ పోయి చర్మం బీటలు వారుతుంది, దురద పుడుతుంది. దురదకు మందనుకుని మళ్ళీ అదే స్నానం చేస్తే దురదను పెంచుకున్నట్టే.

సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు మాత్రం సరిపోతుంది; చేతులకు, పిక్కలకు, వీపుకు రోజూ నీళ్ళు చాలు. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి, స్నానం పది నిమిషాలు దాటకూడదు. తుండుతో రుద్దకుండా అద్దుకోవాలి, తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరి నూనో తెల్లని పెట్రోలియం జెల్లీయో రాయాలి. తడి మీద రాసిన నూనె లోపలి నీటిని పోనివ్వదు. పొడి ఒంటి మీద రాస్తే అంత ఫలితం ఉండకపోవచ్చు. సున్నిపిండి మంచిదే గానీ పలచబడిన చర్మం గట్టి రాపిడికి చిట్లుతుంది, కాబట్టి పండుగ రోజున నలుగు పెట్టేటప్పుడు కూడా చేయి తేలికగా ఉండాలి. మీ ముఖానికీ ఇదే మాట వర్తిస్తుంది: సబ్బు మాని మెత్తని ఫేస్‌వాష్ వాడి చూడండి.

అయితే మన డెల్టా గాలి చెన్నపట్నంలా ఉక్కబోతగా ఉంటుందని మరచిపోకూడదు. చెమట నిలిచే మడతల్లో, కాలి వేళ్ళ సందుల్లో నూనె రాయకండి. అక్కడ తామర పట్టుకుంటుంది. ఆ చోట్లు పొడిగా ఉండాలి.

షుగరు ఉందన్నారు కాబట్టి పాదాల సంగతి అన్నింటికన్నా ముఖ్యం. చాలా ఏళ్ళ షుగరు పాదాల్లో స్పర్శను మందగింపజేస్తుంది, వేడి తెలియదు, ముల్లు గుచ్చుకున్నా తెలియదు. ఆయన "ఇంకా వేడిగా" అంటున్నారంటే కాళ్ళకు వేడి తెలియకపోవడం కూడా ఒక కారణం కావచ్చు. బకెట్టు నీళ్ళను ముందుగా మీ మోచేత్తో చూడండి. ప్రతి రాత్రీ రెండు అరికాళ్ళూ, వేళ్ళ సందులూ వెలుతురులో చూడాలి. వంగలేకపోతే నేల మీద అద్దం పెట్టి చూసుకోవచ్చు. గోళ్ళు తిన్నగా కత్తిరించాలి, ఆనెకాయలను బ్లేడుతో గీకకూడదు, గట్టు మీద నడిచేటప్పుడు చెప్పులు తప్పనిసరి.

రెండు వారాలు ఇలా చేసినా దురద తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. మూత్రపిండాల, కాలేయపు జబ్బుల్లోనూ, కొన్ని మందుల వల్లా దురద వస్తుంది. ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉంటే అది గజ్జి కావచ్చు, దానికి వైద్యం వేరు.

రెండవ సమాధానం (విశ్రాంత ఉపాధ్యాయుడు, 78 ఏళ్ళు, రామచంద్రపురం)

అమ్మాయీ, నర్సమ్మగారు శాస్త్రం చెప్పారు, నేను మీ నాన్నగారి వైపు నుంచి చెబుతాను. మనిషికి వయసు వచ్చాక ఒక్కొక్క పనీ చేతిలోంచి జారిపోతుంది. పొలం పోయింది, సైకిలు పోయింది, బ్యాంకు పని కొడుకు చూస్తాడు. తన చేతుల్లో తనకు మిగిలేది స్నానం ఒక్కటే. దాన్ని కూడా ఇంకొకరు దిద్దబోతే ఆయనకు కోపం రాక తప్పదు. అందుకే "మీరు మానేయండి" అనకండి. "ఇలా చేస్తే రాత్రి నిద్ర పడుతుందేమో, పది రోజులు చూద్దామా" అని అడగండి.

నా సంగతి చెబుతాను. అరవై ఏళ్ళు వేపపుల్లతో పళ్ళు తోముకున్నాను, అది నాకు గర్వంగా ఉండేది. డెబ్బై దాటాక చిగుళ్ళు కిందికి దిగి పళ్ళ వేళ్ళు బయటపడ్డాయి. వాటి మీద పంటిని కాపాడే గట్టి పైపొర (ఎనామిల్) ఉండదు, కాబట్టి అవి త్వరగా అరుగుతాయి, త్వరగా పుచ్చుతాయి. దానికి తోడు రక్తపోటుకు, నిద్రకు వాడిన మాత్రల వల్ల లాలాజలం తగ్గి నోరు ఎండిపోయేది. పళ్ళను పుచ్చకుండా కాపాడేది ఆ లాలాజలమేనని దంతవైద్యులు చెప్పిన రోజున నాకు తెలిసింది. మెత్తని బ్రష్షు, ఫ్లోరైడు ఉన్న పేస్టు, పడుకునే ముందు తప్పక ఒకసారి, ఇదీ నా కొత్త పద్ధతి. వేపపుల్లను వదలడానికి నాకు రెండు నెలలు పట్టింది. వైద్యుడు చెప్పాడని నా మనుమడు అన్నా నేను వినలేదు. పుల్ల నమిలి ఉమ్మినప్పుడు నెత్తురు కనబడ్డాక గానీ నాకు తల వంగలేదు.

ఇక పడిపోవడం సంగతి. నిలబడి స్నానం చేయడం మానాను. గోడకు ఆనించిన గట్టి స్టూలు, చేతికి అందే ఎత్తులో గోడకు బిగించిన ఇనుప కడ్డీ, కాలి కింద గరుకు పట్టా, ఇవి మూడూ వేయించుకున్నాను. పీట మీద కూర్చుని ఒక్కసారిగా లేస్తే కళ్ళు తిరుగుతాయి. వయసులోనూ, రక్తపోటు మాత్రలతోనూ లేచిన వెంటనే రక్తపోటు పడిపోతుంది. అందుకే స్టూలు కాస్త ఎత్తుగా ఉండాలి, లేచే ముందు నాలుగు క్షణాలు ఆగాలి. లోపలి గడియ తీసి ఉంచమంటే మొదట సిగ్గుపడ్డాను. ఇప్పుడు తలుపు ఓరగా వేసి, మా ఆవిడ వసారాలో కూర్చుని పత్రిక చదువుతూ ఉంటుంది. ఆమె నన్ను కాపలా కాస్తోందని నాకు తెలుసు, తెలియనట్టే ఉంటాను.

మూడవ సమాధానం (అత్తగారిని చూసుకుంటున్న కోడలు, రాజోలు వైపు)

ఆడవారి సంగతి ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి నేను రాస్తున్నాను. మా అత్తగారికి 72 ఏళ్ళు. దగ్గినా, తుమ్మినా కొద్దిగా మూత్రం పోయేది. ఆ సంగతి నాతో చెప్పలేక నీళ్ళు తాగడం మానేశారు. దాంతో మలబద్ధకం, మూత్రంలో మంట రెండూ మొదలయ్యాయి. ముట్లు ఆగిన తరువాత ఆ భాగంలో చర్మం కూడా పొడిబారి పలచబడుతుంది. దానికి తోడు సబ్బుతో గట్టిగా కడుక్కోవడం వల్ల మంట ఎక్కువైంది. డాక్టరమ్మగారు సబ్బు మాని మామూలు నీళ్ళతో ముందు నుంచి వెనుకకు కడుక్కోమన్నారు, నీళ్ళు తగినంత తాగమన్నారు, కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామం నేర్పారు. ఈ కబురు మీ ఇంటి ఆడవారిలో ఎవరికైనా పనికి రావచ్చు.

మా వైపు నూతి నీళ్ళు ఉప్పన. సబ్బు నురగ రాదు, రుద్దిన సబ్బు పూర్తిగా పోదు, మీద తెట్టులా మిగిలి ఇంకా దురద పెడుతుంది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఈ బాధ ఎక్కువ. మేము ఆఖరి రెండు చెంబులు మాత్రం మంచినీళ్ళు పోసుకునేలా ఒక చిన్న బిందె వేరుగా ఉంచుతాము.

కార్తీక స్నానం దగ్గర మా ఇంట్లో పెద్ద తగువే జరిగింది. తెల్లవారుజామున చలిలో, పాచి పట్టిన రేవు మెట్లు దిగి తల మునిగితే గానీ ఆమెకు తృప్తి లేదు. వద్దని చెప్పలేదు. మా వారు రేవు నుంచి బిందెడు గోదావరి నీళ్ళు తెచ్చి, గోరువెచ్చని నీటిలో కలిపి, తులసి కోట ఎదుటే స్నానం చేయించమన్నారు. మొదటి రోజు ముఖం ముడుచుకున్నారు, మూడవ రోజుకు దీపం వత్తులు తానే సిద్ధం చేసుకుని "నీళ్ళు తెచ్చాడా" అని అడిగారు.

ప్రశ్న అడిగినవారు (పద్దెనిమిది రోజుల తరువాత)

మీ అందరికీ నమస్కారాలు. మాస్టారు చెప్పినట్టు పది రోజులు చూద్దామని నాన్నగారిని అడిగాను. సాయంత్రం స్నానం వదలనన్నారు, నేను పట్టుబట్టలేదు. నీళ్ళ వేడి తగ్గించడానికి, సబ్బు మూడు చోట్లకే పరిమితం చేయడానికి ఒప్పుకున్నారు. పీచు మాత్రం ఇంకా కిటికీలోనే ఉంది, అప్పుడప్పుడు మడమలకు వాడుతున్నారు. కొబ్బరి నూనె వీపుకు అందదు కాబట్టి అక్కడ నేను రాస్తున్నాను. అరికాళ్ళు చూస్తుంటే ఎడమ కాలి బొటనవేలి కింద నాణెం అంత పుండు కనబడింది. ఆయనకు నొప్పి లేదు, ఎప్పుడు అయిందో తెలియదు. మరునాడే భీమవరం తీసుకువెళ్ళాము. కట్టు కట్టి, మెత్తని చెప్పులు రాసి ఇచ్చి, వారానికొకసారి రమ్మన్నారు. దురద సగానికి సగం తగ్గింది. నిన్న రాత్రి దీపం దగ్గర కూర్చుని, నేను అడగకుండానే రెండు కాళ్ళూ నా వైపు చాపారు.