‘ఆర్థొడాక్స్ బిలీఫ్’కి తెలుగేది?

చెన్నైలో ఒక అనువాదం పని మీద ఇరుక్కున్నాను. హిందూ, బౌద్ధ మతాల పాఠంలో ‘ఆర్థొడాక్స్ బిలీఫ్’ అని వచ్చింది. ‘ఛాందస విశ్వాసం’ అని రాస్తే, తిట్టులా ఉందని తిప్పి పంపారు. వేరే మాట చెప్పి పుణ్యం కట్టుకోండి.

జవాబు: ఇవాళ తిట్టే మరి. ఆ మాట పుట్టుక మాత్రం మంచిదే. ఛందస్సంటే వేదం, అది చదివినవాడు ఛాందసుడు. ‘శ్రోత్రియచ్ఛాందసౌ సమౌ’ అంది సంస్కృత నిఘంటువు అమరకోశం, అంటే వేదం చదివిన శ్రోత్రియుడూ ఛాందసుడూ ఒకటేనని. శ్రోత్రియుడి పరువు నిలిచింది, పాపం ఛాందసుడే వీధిన పడ్డాడు. ‘సంప్రదాయ విశ్వాసం’ అనేయండి, పనైపోతుంది.

ఇంకొకరు: పనవుతుంది గానీ, మన మాటల్లో అసలు నమ్మకం ఎక్కడుందండీ? ఆచారం, మడి, నిష్ఠ... అన్నీ చేసేవే. మైలాపూరులో మా మామ్మ ఇప్పటికీ మడిచీర ఎత్తు దండెం మీద కర్రతో ఆరేస్తుంది, కర్రతోనే తీస్తుంది. నేను చూసుకోక తగిలానా, మళ్లీ తడపాల్సిందే. నువ్వు దేవుణ్ణి నమ్ముతావా అని మాత్రం ఎన్నడూ అడగలేదు! మనుస్మృతి కూడా ‘నాస్తికో వేదనిందకః’ అంది, వేదాన్ని నిందించేవాడే నాస్తికుడని; దేవుడి ఊసెత్తలేదు. వేదం చెప్పిన కర్మలే ముఖ్యమనే మీమాంసకులు సృష్టికర్త లేడని వాదించి కూడా ఆస్తికుల్లోనే ఉన్నారు.

మరొకరు: బౌద్ధం సంగతి వేరు. అష్టాంగ మార్గంలో మొదటిదే సమ్యక్ దృష్టి, అంటే సరైన అవగాహన; పాళీలో సమ్మాదిట్ఠి. దానానికి ఫలం ఉంది, కర్మకు ఫలం ఉంది, పరలోకం ఉంది అనుకోవడం అందులో భాగం. ఇవేవీ లేవంటే మిథ్యాదృష్టి. మళ్లీ అమరకోశమే తిరగేయండి: ‘మిథ్యాదృష్టిర్నాస్తికతా’. అది రాసిన అమరసింహుడు బౌద్ధుడంటారు కదా, ఈ పాదం చూస్తే నాకూ నమ్మబుద్ధేస్తుంది. వైదికులు బౌద్ధుణ్ణి నాస్తికుడన్నారు, బౌద్ధులేమో కర్మఫలం లేదన్నవాణ్ణి నాస్తికుడన్నారు.

మామ్మగారి మనవడు: అలాగని దృష్టిని పట్టుకు వేలాడమనలేదు కదా బుద్ధుడు? తెప్ప ఉపమానం ఉందిగా. ఏరు దాటాక తెప్పను నెత్తినెత్తుకుని నడుస్తామా?

అడిగినవారు: సరే, రెండు మతాలకీ ఒకే మాట పెట్టను. హిందూ వైపు ‘వైదికాచారం’, బౌద్ధం వైపు ‘సమ్యక్ దృష్టి’ అని మార్చి ఇప్పుడే పంపాను. మళ్లీ తిప్పి కొడితే ఇక్కడికే వస్తా.