బోటు ఇంజిన్‌కి ఏ ఆయిల్ పొయ్యాలి? తిరుపతిలో కొనొచ్చా?

తిరుపతి_బావమరిది:
అన్నలూ, ఇంజిన్ల సంగతి పెద్దగా తెలీనివాణ్ణి, నవ్వుకోకుండా చెప్పండి. మా అక్కావాళ్లది వాకాడు పక్కన ఊరు. బావకి బోటుంది, ఆరు సిలిండర్ల లారీ ఇంజిన్‌నే బోటుకి తగ్గట్టు మార్చి బిగించారు. ఏప్రిల్ 15 నుంచి సముద్రంలో చేపల వేట నిషేధం కదా, తిరుపతిలోనే ఉన్నావుగా, వచ్చేటప్పుడు 20 లీటర్ల బకెట్ ఒకటి పట్టుకురా అన్నాడు. రెండు షాపులు తిరిగా. ఒకాయన బోటుకైతే మెరైన్ ఆయిలే పొయ్యాలి, తెప్పించి ఇస్తా, రేటు ఎక్కువవుద్ది అన్నాడు. ఇంకొకాయన లారీ ఆయిల్ పొయ్యి, ఏం కాదు అన్నాడు. బావేమో ఎప్పుడూ నలభై నంబరే పోస్తాడట. ఎవరి మాట వినాలి?

రిగ్గుబండి_చిత్తూరు:
ఎవరి మాటా వద్దు తమ్ముడూ, ఇంజిన్‌తో ఇచ్చిన పుస్తకం చూడు. సముద్రం నాకు తెలీదు గానీ బోర్లు వేసే రిగ్గు బండ్ల మీద ఇరవై ఏళ్లుగా ఉన్నా. కంప్రెసర్ ఇంజిన్‌ది కూడా మీ బోటు బతుకే, ఉన్నచోటే నిలబడి గంటలకొద్దీ ఫుల్ లోడు మీద మొత్తుకోవడం. డబ్బా మీద రెండు విషయాలు చూడాలి. ఒకటి చిక్కదనం, అంటే 15డబ్ల్యూ-40 అనో ఎస్ఏఈ 40 అనో ఉంటుంది. మీ బావ చెప్పే నలభై నంబరు ఆ రెండోది, వేడెక్కాక రెండూ దాదాపు ఒకే చిక్కన, కాకపోతే 15డబ్ల్యూ-40 చల్లగా ఉన్నప్పుడు పల్చగా ఉండి స్టార్టింగ్‌లో బేరింగులకి తొందరగా అందుతుంది. రెండోది ఏపీఐ గ్రేడు, అంటే ఆయిల్ నాణ్యత ఏ స్థాయిదో చెప్పే గుర్తు. సీఎఫ్-4 పాతది, తర్వాత సీహెచ్-4, 2002లో సీఐ-4 వచ్చింది. పుస్తకంలో సీహెచ్-4 అని ఉంటే సీఐ-4 పోసుకోవచ్చు, సీఐ-4 అడిగిన ఇంజిన్‌కి సీఎఫ్-4 పొయ్యకూడదు. ఏ కంపెనీది, సర్వోనా, మ్యాకా, క్యాస్ట్రాలా అన్నది ఆ తర్వాత మాట.

ఓడమీదోణ్ణి:
మాది పలమనేరు, ఓడల్లో ఇంజిన్ రూమ్ పని. ఆ మొదటి షాపాయన అబద్ధం చెప్పలేదు, కానీ మెరైన్ అన్న మాటతోనే అందరూ తికమక పడతారు. పెద్ద ఓడల్లో నిదానంగా తిరిగే టూ స్ట్రోక్ ఇంజిన్లకి సిలిండర్ ఆయిల్ వేరు, కింద తిరిగే సిస్టమ్ ఆయిల్ వేరు. అవి కాల్చే ఇంధనంలో గంధకం ఎక్కువ, అది కాలితే యాసిడ్ తయారవుతుంది, దాన్ని చంపడానికి ఆయిల్‌లో క్షారం కలుపుతారు. కడుపులో మంటకి వంటసోడా కలిపిన నీళ్లు తాగినట్టే అనుకోండి. ఆ బలాన్నే బీఎన్ అంటారు. ఓడల ఇంధనంలో గంధకం 3.5 శాతం దాకా ఉండొచ్చన్న రూలు 2020 జనవరి 1 నుంచి 0.5 శాతానికి దిగింది, దాంతో చాలా ఓడల్లో సిలిండర్ ఆయిల్ బీఎన్ కూడా తగ్గించాల్సి వచ్చింది, ఎందుకంటే యాసిడ్ లేనిచోట క్షారం మిగిలిపోతే పిస్టన్ మీద తెల్లగా గట్టిగా పేరుకుంటుంది. మీరు బంకులో పట్టే బీఎస్-6 డీజిల్‌లో గంధకం 10 పీపీఎంకి, అంటే 0.001 శాతానికి మించదు. అక్కడ ఓడ ఆయిల్ పోసి ఏం సాధిస్తారు? లారీ ఇంజిన్‌కి లారీ ఆయిలే, పుస్తకంలో రాసిన గ్రేడుది. గేర్ బాక్స్ మాత్రం విడిగా చూసుకోండి, కొన్నిట్లో ఇంజిన్ ఆయిలే పోస్తారు, కొన్నిట్లో వేరే.

పులికాట్_పడవ:
నాది పెట్రోల్ అవుట్‌బోర్డు, అదే పడవ వెనక బయట తగిలించే ఇంజిన్, టూ స్ట్రోక్. ఒకసారి బైకుల 2టీ ఆయిల్ కలిపేసి ప్లగ్గులు మార్చుకోవడంతోనే సరిపోయింది. అవుట్‌బోర్డుకి టీసీ-డబ్ల్యూ3 అని రాసుండాలి, అందులో బూడిద మిగలదు. డీజిల్ వాళ్లకి ఈ గొడవ లేదులే.

తిరుపతి_బావమరిది:
థాంక్స్ అన్నా. పొద్దున బావ ఫోటో పంపాడు. డిప్ స్టిక్ మీద ఆయిల్ నల్లగా లేదు, పాలెక్కువైన కాఫీలా ఉంది. లెవెల్ గీత కంటే పైకి ఉంది, ఆయిల్ తాగడం లేదని ఆయన సంబరపడుతున్నాడు.

రిగ్గుబండి_చిత్తూరు:
అయ్యో, సంబరం కాదు, ఇంజిన్ స్టార్ట్ చెయ్యొద్దని ముందు ఫోన్ చెయ్యి! డీజిల్ ఇంజిన్‌లో ఆయిల్ నల్లబడటం మామూలే, పాలలా ఉంటేనే భయపడాలి. నీళ్లు కలిశాయి. నమ్మకం లేకపోతే పాత పెనం బాగా వేడిచేసి, స్టవ్ ఆపేసి, ఒక్క చుక్క వెయ్యమను, మొహం దూరంగా పెట్టుకుని. తాలింపులా చిటపటమంటే నీళ్లే. కొత్త బకెట్ పోసినా రెండు రోజుల్లో అదీ కాఫీ అయిపోద్ది.

ఓడమీదోణ్ణి:
ఆయిల్ కూలర్, అంటే ఆయిల్‌ని నీళ్లతో చల్లార్చే భాగం, విప్పి చూడమనండి. ఇంజిన్ తిరిగేటప్పుడు ఆయిల్ ప్రెజర్ ఎక్కువ కాబట్టి ఆయిల్ నీళ్లలోకి పోతుంది, ఆపాక నీళ్లు ఆయిల్‌లోకి వస్తాయి. కూలింగ్ నీళ్ల మీద జిడ్డు తేలుతుంటే దాదాపు అదే. కాకపోతే హెడ్ గ్యాస్కెట్.

కోట_రొయ్యలు:
మధ్యలో దూరుతున్నా. కొనేటప్పుడు బిల్లు తీసుకో బావమరిదీ. 18 శాతం జీఎస్టీ మిగులుతుందని బిల్లు లేకుండా ఒక బకెట్ తెచ్చా, చెరువు మీద ఏరేటర్ జనరేటర్‌కి. సీల్ తెల్లగా కొత్తగానే ఉంది, మూత కింద అంచు మాత్రం ఎవరో గోరుతో లేపినట్టు చిన్న చీలిక. చూసి కూడా పోశా, బుద్ధి తక్కువై. మూడో వారానికి ప్రెజర్ పడిపోయింది. బిల్లు లేదు, ఎవర్ని అడుగుతాం? అప్పట్నుంచి, ఎవరూ మళ్లీ నకిలీది నింపి అమ్మకుండా, ఖాళీ బకెట్‌కి అడుగున మేకుతో రంధ్రం కొట్టాకే పాతసామాన్లవాడికి ఇస్తున్నా. బంకులో దొరికినా, కంపెనీ డీలర్ దగ్గర దొరికినా అక్కడే కొను.

తిరుపతి_బావమరిది:
నాలుగు రోజుల తర్వాత వచ్చా, సారీ. పెనం మీద చిటపటలాడింది, అక్క పెనం పాడుచేశారని ఇప్పటికీ సాధిస్తోందట. కూలర్ లోపల ఒక ట్యూబు అరిగి సన్న రంధ్రం పడింది. మెకానిక్ అది మార్చి, ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే చాంబర్ కింద బోల్టు విప్పితే ముందు మగ్గుడు నీళ్లు వచ్చి, తర్వాత ఆయిల్ వచ్చిందట. చవక ఆయిల్‌తో రెండుసార్లు ఫ్లష్ చేసి ఫిల్టర్ కూడా మార్చారు. పుస్తకంలో 15డబ్ల్యూ-40 సీహెచ్-4 అని ఉంది, సీఐ-4 బకెట్ బిల్లుతోనే తీసుకున్నా. ఎట్లాగూ రెండు నెలలు ఒడ్డునే కదా, కొత్త ఆయిల్ జూన్ 14 దాటాకే పోసుకుందాం అంటున్నాడు బావ. సరేనా?

రిగ్గుబండి_చిత్తూరు:
వద్దు, ఇప్పుడే పొయ్యమను. ఫ్లష్ చేసింది లోపలే ఉంటే అందులో మిగిలిన తడీ యాసిడూ 61 రోజులు బేరింగుల్ని తింటూ కూర్చుంటాయి. కొత్తది పోసి పది నిమిషాలు తిప్పి ఆపితే లోపలంతా పూత పడుతుంది. మళ్లీ వేట మొదలయ్యే ముందు డిప్ స్టిక్ చూసి, రంగు బాగుంటే అట్లాగే వెళ్లొచ్చు. తర్వాత మార్చేది నెలల లెక్కన కాదు, గంటల లెక్కన. గంటల మీటరు ఉందా?

తిరుపతి_బావమరిది:
ఉంది, రెండేళ్లుగా 4,112 దగ్గరే ఆగిపోయింది అన్నా.

రిగ్గుబండి_చిత్తూరు:
మంచిది. ముందు అది మార్పించు. అంతవరకూ క్యాబిన్ గోడ మీద సుద్దముక్కతో గీతలు పెట్టమను.

కోట_రొయ్యలు:
తీసిన ఆయిల్ నీళ్లలో పారబొయ్యనీకు. డ్రమ్ములో పట్టి వేస్ట్ ఆయిల్ కొనేవాళ్లకి ఇచ్చెయ్.

తిరుపతి_బావమరిది:
డ్రమ్ములోనే ఉంది. అది ఇంటి వెనక పందిరి గుంజలకి పూస్తే చెదలు పట్టవని బావ, ముందు నా పెనం సంగతి తేల్చమని అక్క.