20 లీటర్ల బీరు ట్రయల్ బ్యాచ్‌లకు ఆల్-ఇన్-వన్ ఎలక్ట్రిక్ సిస్టమ్: బెంగళూరులో ఏది తీసుకోవాలి?

రాగిజావ_560

నమస్తే అండి. లైసెన్సున్న బ్రూపబ్‌లో (బీరు అక్కడే కాచి అమ్మే పబ్) కొత్త రెసిపీలు పరీక్షించడానికి, మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యం) నానబెట్టడం, ఆ రసం మరిగించడం ఒకే పాత్రలో చేసే చిన్న యంత్రం కావాలి. పెద్ద బ్రూహౌస్‌లో వందల లీటర్లు పోసి చూసే బదులు 20 లీటర్లతో ముందే తేల్చుకోవాలని. ఎక్కువగా 1.045 నుంచి 1.055 గ్రావిటీ (పులియకముందు మాల్ట్ రసపు సాంద్రత) బీర్లు, వాటిలో సగం గోధుమ మాల్ట్ ఉండే వీట్ బీరు ఒకటి, రాగి ధాన్యంతో ఒక ప్రయోగం.

చూస్తున్నవి: గ్రెయిన్‌ఫాదర్ జి30, బ్రూజిల్లా 35 లీటర్లు, బ్రూజిల్లా 65 లీటర్లు, స్పైడెల్ బ్రౌమైస్టర్ 20. గదిలో 16 ఆంప్స్ సాకెట్లు రెండున్నాయి. కరెంటు పోతే జనరేటర్ వస్తుంది కానీ ఆ గదికి ఇచ్చిన లోడు తక్కువ. పెద్దది తీసుకుంటే ముందుముందు పనికొస్తుందని 65 వైపు మనసు లాగుతోంది. యంత్రాన్ని నడిపే ఫోన్ యాప్‌కి ఎంత విలువ ఇవ్వాలి?

ఎర్తింగ్_ముందు

ముందు సాకెట్ సంగతి తేల్చుకోండి, యాప్ సంగతి తర్వాత. 35 లీటర్ల బ్రూజిల్లా 2400 వాట్లు, అంటే 230 వోల్టుల దగ్గర 10.4 ఆంప్స్. జి30, బ్రౌమైస్టర్ 20 రెండూ 2000 వాట్లు, 9 ఆంప్స్ లోపే. 65 లీటర్లది సుమారు 3500 వాట్లు, 15 ఆంప్స్ దాటుతుంది. 16 ఆంప్స్ సాకెట్ మీద కాగితం లెక్కన అదీ నడుస్తుంది. కానీ గీజరు పావుగంటలో ఆగిపోతుంది, ఇది రెండు మూడు గంటలు ఆగకుండా లాగుతుంది. సాకెట్ లోపల స్క్రూ కాస్త వదులైనా పిన్ను కాలి ప్లాస్టిక్ కరుగుతుంది. 65 కావాల్సిందే అంటే డీబీ (కరెంటు పంపిణీ పెట్టె) నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 20 ఆంప్స్ ఎంసీబీ, ఇండస్ట్రియల్ సాకెట్ వేయించండి. ఏ యంత్రమైనా 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకుండా నడపొద్దు. తడి నేల, స్టీలు పాత్ర, చేతిలో స్టీలు గరిటె, పక్కనే కరెంటు.

యంత్రంతో ఆస్ట్రేలియా ప్లగ్గో యూరప్ ప్లగ్గో వస్తే ట్రావెల్ అడాప్టర్ పెట్టకండి. దాన్ని కోసేసి మన 16 ఆంప్స్ మూడు పిన్నుల ప్లగ్ బిగించండి.

ఇంకోటి, వోల్టేజి. సాయంత్రం లైను 200కి పడితే 2400 వాట్ల ఎలిమెంట్ దాదాపు 1800 మాత్రమే ఇస్తుంది, 2000 వాట్లది 1500. గంటకు 3 లీటర్లు ఆవిరి కావాలంటే ఆ ఆవిరికే దాదాపు 1.9 కిలోవాట్లు ఖర్చవుతుంది. అప్పుడు 2000 వాట్ల యంత్రంలో వోర్ట్ (మాల్ట్ నుంచి తీసిన తీపి రసం) గలగల మరగదు, సన్నగా కుతకుతమంటుంది. చుట్టూ ఇన్సులేషన్ జాకెట్ తొడిగితే చాలా తేడా ఉంటుంది, అదనంగా కొనే వాటిలో మొదటిది అదే కావాలి.

జనరేటర్ మీద ఎలిమెంట్ వేయకండి, లోడు తక్కువైతే ట్రిప్ అవుతుంది. కరెంటు పోయి వచ్చాక కంట్రోలర్ ఆగిన దగ్గర నుంచి మొదలవుతుందా, మొదటికొస్తుందా అన్నది కొనే ముందే అడగండి. మాష్ (మాల్ట్‌ని వేడి నీళ్లలో నానబెట్టే దశ) గంటలో 15 నిమిషాలు కరెంటు పోయినా ఫర్వాలేదు, మూత పెట్టి జాకెట్ ఉంచితే డిగ్రీ, రెండు డిగ్రీలే పడుతుంది.

అడుగంటొద్దు

65 వద్దు. 20 లీటర్ల బ్యాచ్‌కి నాలుగున్నర, అయిదు కిలోల మాల్ట్ పడుతుంది. 65లో మాల్ట్ పోసే అంత వెడల్పు చిల్లుల బుట్టలో అది పలచగా పరుచుకుంటుంది, వోర్ట్ సరిగ్గా వడకట్టదు. బుట్ట కింద నిలిచే నీళ్లు కూడా ఎక్కువ కాబట్టి మాష్ పలచనవుతుంది. 20 లీటర్లకు 30 నుంచి 35 లీటర్ల పాత్రే సరైన కొలత.

మీ వీట్ బీరుకి అసలు పరీక్ష అడుగంటడం. వీటిల్లో చాలా వాటికి ఎలిమెంట్ అడుగు రేకు కింద ఉంటుంది. గోధుమ మాల్ట్‌కి పొట్టు ఉండదు, పిండి బుట్ట రంధ్రాల్లోంచి జారి అడుగున పేరుకుంటుంది. పూర్తి పవర్ ఇస్తే అది మాడి, థర్మల్ కటౌట్ (వేడి మితిమీరితే కరెంటు ఆపే స్విచ్) పడిపోతుంది. మాడు వాసన మొత్తం బ్యాచ్‌కి పడుతుంది, అది ఏ హాప్స్‌తోనూ (బీరుకి చేదు, వాసన ఇచ్చే పూలు) పోదు. అందుకే పవర్ తగ్గించుకునే వీలు ఉందా అన్నది నా దృష్టిలో మొదటి ప్రశ్న. కొన్నిటిలో రెండు ఎలిమెంట్లకు రెండు స్విచ్‌లుంటాయి, కొన్నిటిలో శాతం లెక్కన తగ్గించుకోవచ్చు. మాష్‌లో 500 వాట్లు మించనివ్వకండి. 66 నుంచి 76 డిగ్రీలకు పెంచేటప్పుడు కూడా తొందరపడకండి. బుట్ట పైకి లేపాక, మరిగే ముందు, పొడవాటి చెక్క గరిటెతో అడుగు ఒకసారి గీరి చూడండి. మెత్తగా తగిలితే పిండి ఉన్నట్టే.

మాల్ట్ ఆడించే మిల్లు గ్యాప్ 1.1 నుంచి 1.2 మిల్లీమీటర్లు ఉంచండి. ఇంకా సన్నగా ఆడిస్తే ఎఫిషియెన్సీ (మాల్ట్ నుంచి దిగే చక్కెర) పెరుగుతుందనిపిస్తుంది కానీ ఈ బుట్టల్లో గడ్డకట్టి పంపు ఒత్తిడికి వోర్ట్ పైకి తేలిపోతుంది. అప్పుడది మధ్యలోని ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి నేరుగా కిందికి పోతుంది, మాల్ట్ గుండా పోదు. పంపు వాల్వు బిగించి నిమిషానికి 2 లీటర్ల దగ్గర ఉంచండి. సగం గోధుమ ఉన్నప్పుడు మాల్ట్ బరువులో 5 శాతం వరి ఊక కలపండి. 5 కిలోలకు 250 గ్రాములు. రైసు మిల్లు ఊకలో దుమ్ము చాలా ఉంటుంది, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, పది నిమిషాలు మరిగించి వార్చండి.

బ్రౌమైస్టర్ పద్ధతి వేరు: వోర్ట్‌ని కింది నుంచి పైకి తోస్తుంది. వోర్ట్ తేటగా వస్తుంది, పనితనం బాగుంటుంది, కానీ ధర ఎక్కువ. మీ అవసరానికి అది తప్పనిసరి కాదు.

రాగిజావ_560

65 ఆలోచన మానేశాను. మాన్యువల్స్‌లో 100 డిగ్రీలకు సెట్ చేయమంటున్నారు. బెంగళూరులో 100కి చేరదు కదా, కంట్రోలర్ ఎదురుచూస్తూ కూర్చుంటుందా?

తొంభైఏడు_డిగ్రీలు

కూర్చుంటుంది. ఊరు సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉంది, నీళ్లు 97 దగ్గరే మరుగుతాయి. 100 చేరాకే బాయిల్ టైమర్ మొదలుపెట్టే కంట్రోలర్ అయితే వోర్ట్ అరగంట నుంచి మరుగుతున్నా టైమర్ కదలదు. మరిగే ఉష్ణోగ్రతను మనం మార్చుకోగలగాలి, లేదా టైమర్‌ని చేత్తో మొదలుపెట్టగలగాలి. యాప్‌లో నేను చూసేది ఇదొక్కటే. మాష్ స్టెప్పులు యంత్రం మీదే పెట్టుకోవచ్చు.

97 వల్ల హాప్స్ చేదు కూడా తగ్గుతుంది. హాప్స్‌లోని ఆల్ఫా ఆమ్లాలు చేదుగా మారే వేగం 100తో పోలిస్తే ఐదో వంతుకు పైగా పడిపోతుంది. సముద్రమట్టపు రెసిపీని యథాతథంగా తీసుకుంటే బీరు చప్పగా వస్తుంది. 60 నిమిషాలు మరిగే హాప్స్‌ని 10 నుంచి 15 శాతం పెంచి రుచి చూడండి. పిల్స్‌నర్ మాల్ట్ (లేత రంగు మాల్ట్) ఎక్కువున్న బీరుకి 60 బదులు 90 నిమిషాలు, మూత పూర్తిగా తీసి మరిగించండి. లేదంటే ఉడికించిన మొక్కజొన్న వాసన మిగులుతుంది.

ఉష్ణోగ్రత చూపే సెన్సర్ అడుగున ఉంటుందని మర్చిపోకండి. తెర మీద 67 ఉన్నా మాల్ట్ మధ్యలో 64 ఉండొచ్చు. బుట్ట మధ్యలోకి ప్రోబ్ థర్మామీటర్ దించి, మొదటి పావుగంటలో రెండుసార్లు కలిపి చూడండి.

నీళ్ల లెక్క జి30కి ఇలా: మాల్ట్ కిలోలు × 2.7 + 3.5 లీటర్లు. 5 కిలోలకు 17 లీటర్లు. స్పార్జ్‌కి (తర్వాత మాల్ట్ మీద పోసి కడిగే నీళ్లు) 28 లోంచి ఆ 17 తీసేసి, కిలోకి 0.8 చొప్పున 4 కలపండి, 15 లీటర్లు. మరిగే ముందు 28 లీటర్లు ఉంటుంది. ఇది 23 లీటర్ల బ్యాచ్ లెక్క. మీకు 20 చాలు కాబట్టి 28 స్థానంలో 25 వేసుకోండి. మిగతా యంత్రాల్లో ఆ 3.5 మారుతుంది, బుట్ట కింద ఎన్ని లీటర్లు పడతాయో ఒకసారి నీళ్లు పోసి కొలవండి.

చల్లార్చడానికి కౌంటర్‌ఫ్లో చిల్లర్ (వోర్ట్, చల్లనీళ్లు ఎదురెదురుగా పారే గొట్టం) మంచిదే. కానీ టెర్రస్ ట్యాంకు నీళ్లతో ఎండాకాలం 30 డిగ్రీల కిందికి రావడం కష్టం. మీ పెద్ద బ్రూహౌస్‌లో చల్లనీళ్ల ట్యాంకు ఉంటే అక్కడి నుంచి పైపు లాగండి. చిల్లర్‌ని వేడి వోర్ట్‌తో శుభ్రం చేసేటప్పుడు ఎలిమెంట్ ఆపి, బుడగలు తగ్గాక పంపు వేయండి. గలగల మరిగే వోర్ట్‌ని పంపుకి ఇస్తే ఆవిరి పట్టి ఖాళీగా తిరుగుతుంది, పంపు పాడవుతుంది. హాప్స్‌ని జల్లెడ గొట్టంలో వేస్తే పంపుకి చెత్త అడ్డం పడదు.

ఎర్తింగ్_ముందు

కొనేటప్పుడే అదనంగా ఒక పంపు, ఒక థర్మల్ కటౌట్, సిలికాన్ రింగులు తెప్పించుకోండి. తర్వాత విడిగా తెప్పిస్తే వారాలు ఆగాలి. చిక్‌పేటలో స్టీలు పాత్ర, ఎస్‌పీ రోడ్డులో పీఐడీ కంట్రోలర్ (వేడిని స్థిరంగా ఉంచేది), పీటీ100 సెన్సర్ (ఉష్ణోగ్రత కొలిచేది), సాలిడ్ స్టేట్ రిలే (హీటర్‌ని ఆన్, ఆఫ్ చేసేది) కొని సొంతంగా కట్టుకోవచ్చు, విడిభాగాలు అక్కడే దొరుకుతాయి. కానీ ఆ రిలే పాడైతే చాలాసార్లు ఆన్‌లోనే ఇరుక్కుంటుంది, హీటర్ ఆగదు. దాని ముందు కాంటాక్టర్ (కరెంటును పూర్తిగా తెంపే స్విచ్), ఎమర్జెన్సీ స్విచ్ లేకుండా కట్టొద్దు.

ఇది చదివి ఇంట్లో మొదలుపెడదామనుకునేవారికి: కర్ణాటక ఎక్సైజ్ చట్టం 1965 ప్రకారం లైసెన్సు లేకుండా బీరు తయారీ కుదరదు.

రాగిజావ_560

రెండు ఎలిమెంట్లుండే 35 లీటర్లదే తీసుకుంటున్నాను. చివరి ప్రశ్న, రాగి మాల్ట్ బుట్ట రంధ్రాల్లోంచి జారిపోదా?

అడుగంటొద్దు

జారుతుంది. రాగిని నేరుగా బుట్టలో పోయకండి. మొత్తంలో 15 శాతం మించకుండా మొదలుపెట్టండి. 5 కిలోల్లో 750 గ్రాములు. విడి గిన్నెలో నాలుగు లీటర్ల నీళ్లతో పలచగా జావ కాచి, గుప్పెడు పేల్ మాల్ట్ పొడి కలిపి 68 దగ్గర పావుగంట ఉంచితే పలచబడుతుంది. తర్వాత 5 నిమిషాలు మరిగించి, కాస్త చల్లారాక బుట్టలోని మాల్ట్ మీద ఊకతో కలిపి పోయండి. ఆ నాలుగు లీటర్లు మాష్ నీళ్లలోంచి తగ్గించుకోండి. ఇంత శ్రమ లేకుండా తేలికపాటి బీరు కావాలంటే అటుకులు వాడండి. అవి ముందే ఉడికినవి కాబట్టి నేరుగా మాష్‌లో వేయొచ్చు, మందపాటి రకమైతే బుట్టలో నిలుస్తాయి.